ఒక్కరికి వండటం నేర్చుకున్న సరోజమ్మ

కొమరోలు చుట్టుపక్కల ఏ చర్చిలో ప్రేమవిందు జరిగినా, ఎవరింట పెళ్లి జరిగినా, పొయ్యి దగ్గర సరోజమ్మ ఉందంటే పిలిచినవాళ్లు వంట సంగతే మరిచిపోయేవాళ్లు. వాళ్ల తలనొప్పులన్నీ షామియానాలూ మైకులూ అలిగిన చుట్టాలూ. అన్నం వేళకు దిగుతుంది, కూర కుదురుతుంది, అందులో ఎవరికీ అనుమానం ఉండేది కాదు.

మామూలు రోజుల్లో ఆమె కూడా అందరిలాగే కూలికి పోయేది. మిరపకాయలు కోయడం, శనగ పీకడం, పత్తి తీయడం. విందు రోజున మాత్రం వేరే మనిషి. కొంగు నడుముకు బిగించి గాడిపొయ్యి పక్కన నిలబడిందంటే సంఘపెద్దలు కూడా ఆ వైపు అడుగు వేసే ముందు ఒకసారి దగ్గేవాళ్లు. నేలలో పొడుగ్గా తవ్విన ఆ పొయ్యి మీద వరసగా డేగిసాలు, కింద తుమ్మమొద్దులు. గ్యాసుపొయ్యికైతే మంట పెంచడానికీ తగ్గించడానికీ ఒక మర ఉంటుంది. గాడిపొయ్యికి సరోజమ్మ గొంతే మర. "కట్టె తొయ్యి" అంటే మంట పెరగాలి, "కట్టె లాగు" అంటే ఉన్నపళంగా తగ్గాలి. మొద్దులు పట్టుకుని కూర్చున్న మగవాళ్లు ఆ కేకకు ఎగిరిపడేవాళ్లు.

ఇక కొలతలంటారా, ఉప్పు దోసిలితో, కారం చేటతో, నూనె డబ్బాతో. చెంచా అనేది పాయసం తినేవాళ్లకు గానీ వండేవాళ్లకు ఎందుకని ఆమె అభిప్రాయం.

ఈ అలవాటు ఇంటికి కూడా వచ్చింది. ఆమెకు తక్కువ వండటం రాదు. ఇంట్లో ఉన్నది తనూ మొగుడు ఇస్సాకూ, ఇద్దరే. పిల్లలు కలగలేదు. అయినా పప్పు పెడితే వీధి సగానికి సరిపోయేది, పులుసు పెడితే గిన్నెలు పట్టుకుని ఇరుగుపొరుగు రావలసిందే. ఇస్సాకు మేకలు మేపుకునే మనిషి, నోరు ఊరికే ఉండదు. "పెండ్లయి ఇన్నేండ్లయింది, ఇంట్లో మనమిద్దరమే ఉండామని నీకింకా తెలియలేదే సరోజా" అని దెప్పేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది. నలుగురూ తన చేతి అన్నం తింటుంటే ఆమె కడుపు నిండేది, అంతే. ఆ సంగతి ఆయనకు తెలియదని కాదు.

ఆమెకు ఉన్న భయం ఒక్కటే, 'ఉడకలేదు' అన్న మాట. చిన్నప్పుడు ఎవరిదో పెళ్లిలో కూర ఉడకలేదని మగపెళ్లివాళ్లు పంక్తిలోంచి లేచిపోవడం చూసింది. వండిన మనిషి పందిరి వెనక కూర్చుని తల బాదుకోవడం కూడా చూసింది. అందుకని తన వంటలో మాంసం మెత్తబడిందని తేలాక కూడా ఇంకో ఉడుకు రానిచ్చేది. ఆ మాట ఆమె వంటకు ఎన్నడూ రాలేదు.

పోయిన ఏడు ఈస్టరు విందులో గంజి వారుస్తుండగా డేగిసా ఒరిగింది. వదిలేస్తే ఆకులు తుడుస్తున్న ఆడపిల్లల కాళ్ల మీద పడుతుంది. వదల్లేదు. డేగిసా నిలబడింది గానీ ఆమె కుడి భుజం నిలబడలేదు. మార్కాపురం డాక్టరు ఫొటో తీయించి చూసి, బరువులు ఎత్తొద్దు, తెడ్డు తిప్పొద్దు అన్నాడు. ఆ మాట కంటే నడుము మీద తన్నినా బాగుండునని ఆమెకు అనిపించింది.

తరవాత బేస్తవారిపేటలో చుట్టాల పెళ్లికి పోయింది. అలవాటు కొద్దీ కాళ్లు పొయ్యి వైపు తీసుకెళ్లాయి. అక్కడ తాను పని నేర్పిన పిల్లే గరిటె పట్టుకుని ఉంది. "నువ్వెందుకు పెద్దమ్మా ఈ పొగలో" అని ప్రేమగానే అంది, ప్లాస్టిక్ కుర్చీ తెప్పించి నీడలో వేయించింది. ఉప్పు చూడమని కూడా అడగలేదు. సరోజమ్మ ఆ కుర్చీలో కూర్చుని, వడ్డించింది తిని, ఇంటికి వచ్చి తలుపు దగ్గరగా వేసుకుని ఏడ్చింది. ఆ రోజు నుంచి విందులకు పోవడం మానేసింది.

అట్లాంటప్పుడు వచ్చింది సుప్రియ.

సుప్రియ ఆమె తమ్ముడి కూతురు. బెంగళూరులో ఓ హోటల్లో బల్లల దగ్గర ఆర్డర్లు రాసుకునే పని చేసింది. ఇప్పుడు ఆమె, మొగుడు వెస్లీ కలిసి గిద్దలూరు రోడ్డు పక్కన చిన్న దుకాణం తీసుకున్నారు. నాలుగు బల్లలు, ఒక గ్యాసుపొయ్యి, ఒక ఫ్రిజ్జు. వచ్చే ఆదివారం సాయంత్రం తెరవాలి.

"అత్తా, నువ్వు రావాల. వంటకు" అంది వచ్చీ రాగానే.

"నా చెయ్యి చూసినావా అమ్మీ? చెంబు ఎత్తితేనే ప్రాణం పోతాంది."

"డేగిసాలు ఎత్తే పని లేదు. ఇంత గిన్నె" అని సుప్రియ అరచెయ్యి చాచి చూపింది.

"అందులో వండి ఎవురికి పెడతావు? పిచ్చుకలకా?"

సుప్రియ నవ్వి విషయం చెప్పింది. బెంగళూరు హోటల్లో స్పెయిన్ దేశం వాళ్ల పద్ధతిలో రొయ్యలు చేసేవాళ్లు. నూనెలో వెల్లుల్లి రెబ్బలు సన్నగా కోసి వేయించడం, ఎండుమిర్చి తుంచి వేయడం, రొయ్యలు వేసి రెండంటే రెండు నిమిషాల్లో దించేయడం. చిటపటమంటూ బల్ల మీదికి వచ్చేది. తిన్నవాళ్లు అడుగున మిగిలిన నూనెను రొట్టెతో తుడుచుకుని మరీ తినేవాళ్లు. గిద్దలూరు నుంచి మార్కాపురం దాకా ఎక్కడా ఇది లేదు. ఫ్రైడ్ రైసు వెస్లీ చూసుకుంటాడు, ఈ ఒక్కటీ అత్త చెయ్యి పడాలి.

"రెండు నిమిషాలా?" సరోజమ్మ ముక్కున వేలేసుకుంది. "రెండు నిమిషాల్లో నీళ్లు గూడ కాగవే."

"నువ్వు చేస్తావు అత్తా."

సరోజమ్మ కుడిభుజం తడిమి చూసుకుంది. తరవాత అంది, "ఈ వారం ఇంట్లో చేసి చూస్తా. కుదిరితే వస్తా. కుదరకపోతే ఇంగ నన్ను పొయ్యి దగ్గరికి ఎవురూ పిలవగాకండి. నాకు వంట అయిపోయింది అనుకుంటా."

మాట పైకి పౌరుషంగానే ఉంది. లోపల ఉన్నది మాత్రం భయం. ఇది కూడా కుదరకపోతే ఇక తాను ఎవరో తనకే తెలియదు.

వెస్లీ ఒంగోలు నుంచి థర్మకోల్ పెట్టెలో ఐసు వేయించి రొయ్యలు తెచ్చాడు. ఈ వైపు ఆదివారమైతే కంభం చెరువు చేప దొరుకుతుంది గానీ పచ్చిరొయ్య కనపడటం అరుదు. ఇక్కడి వాళ్లకు రొయ్యలంటే సంతలో శేరు లెక్కన పోసే ఎండురొయ్యలే. ఇస్సాకు పెట్టెలోకి తొంగి చూసి, "ఇంటి నిండా మేకలు పెట్టుకోని ఈ పురుగులేందే" అన్నాడు.

మొదటి రోజు సరోజమ్మ తనకు తెలిసినట్లే చేసింది. ఉప్పు, పసుపు, నిమ్మరసం వేసి నీచు పోయేదాకా పిసికి పిసికి కడిగింది. నీళ్లు ఇగిరేదాకా ఉడికించింది. తట్టెడు వెల్లుల్లి ఒలిచి నూరింది, ఉల్లిపాయలు ఎర్రగా వేయించింది, ధనియాలూ గసగసాలూ వేసింది, అరపూట పొయ్యి మీదే ఉంచింది. వాసన వీధి చివరిదాకా పోయింది. తీరా చూస్తే, వేలెడేసి ఉన్న రొయ్యలు ముడుచుకుని శనగగింజలంత అయ్యాయి.

ఇస్సాకు కంచంలో వేలు పెట్టి కలియబెట్టాడు. "మసాలా బాగుందే. రొయ్యలు యాడికి పోయినాయి?"

సుప్రియ గిన్నె తుడిచి తినింది. "అత్తా, ఇది మన కూర. బ్రహ్మాండంగా ఉంది. కాకపోతే ఇది అది కాదు."

రెండోసారి సుప్రియ కూడా పొయ్యి దగ్గర కూర్చుంది. సంచీలోంచి చిన్న సీసా తీసింది. దాని మీది పేరు చదివి చెప్పగానే సరోజమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఒలీవ నూనె! పాస్టరు గారు రోగి నుదుటికి రాసి ప్రార్థన చేసేది ఆ నూనెతోనే. ఆమె భుజానికి కూడా రాశారు. దాన్ని పొయ్యి మీద పెట్టి రొయ్యలు వేయించడమా!

"అత్తా, ఇది ప్రార్థన చేసింది కాదు. మెడికల్ షాపులో కొన్నా. వాళ్ల దేశంలో దీంతో కోడిగుడ్డు గూడ వేసుకుంటారు."

"వాళ్ల దేశంలో వేసుకోనీ. నా చేతుల్తో నేను వెయ్యను."

"రాసి ప్రార్థన చేస్తే రోగులే లేస్తారు" అన్నాడు వాకిట్లోంచి ఇస్సాకు. "మూకుట్లో రొయ్యలు లేచి నడిచి పోతే ఎవురు పట్టుకుంటారు?"

సుప్రియకు నవ్వు ఆగలేదు. సరోజమ్మ మాత్రం నవ్వకుండా ఆ సీసాను తీసుకెళ్లి బైబిలు పక్కన పెట్టింది. అది అక్కడే ఉండిపోయింది. గానుగలో ఆడించిన వేరుశనగ నూనె తెచ్చి పొయ్యి మీద పెట్టారు. సుప్రియ కూడా సరేనంది, ఆ నూనె వాసన తక్కువదేం కాదు.

కాకపోతే విందు వంట చేసిన మనిషికి నూనె పొగలు రానిదే కాగినట్లు అనిపించదు. పొగలు వచ్చాక వెల్లుల్లి ముక్కలు వేసింది. వేసినవి వేసినట్లే నల్లబడ్డాయి, ఇల్లంతా చేదు వాసన. ఆ పైన రొయ్యలు వేసింది. రెండు నిమిషాలకు సుప్రియ గ్యాసు కట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "ఇంకొంచెం ఉండనీ." ఆ ఇంకొంచెం ఎంతసేపో ఆ దేవుడికే తెలియాలి. నోట్లో వేసుకుంటే బడిపిల్లల రబ్బరు నమిలినట్లు ఉంది.

"నువ్వు ముందే ఒక ఉడుకు ఉడకబెట్టినావు కదా అత్తా?" అంది సుప్రియ మెల్లగా.

సరోజమ్మ తల దించుకుంది. నిజమే. సుప్రియ రాకముందే, ఎందుకైనా మంచిదని, దొంగచాటుగా ఉడికించి ఉంచింది.

"ఉడకలేదని అంటే నా మొహం యాడ పెట్టుకునేదే?" అంటూ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "నా వల్ల గాదు సుప్రియా. ఇంకెవురినన్నా చూసుకోండి. పెద్ద వంట చేసే చెయ్యి పోయింది, చిన్న వంట నాకు రాదు."

సుప్రియ బతిమాలలేదు. "శనివారం దాకా పెట్టెలో ఐసు ఉంటది అత్తా" అని మాత్రం చెప్పి, పోతూ పోతూ ఇస్సాకు ఫోనులోకి ఒక వీడియో పంపి వెళ్లింది.

ఆ వీడియో సరోజమ్మ చూడకూడదనే అనుకుంది. మర్నాడు మధ్యాహ్నం మేకలకు కొమ్మలు వేసి ఇస్సాకు వసారాలో నడుము వాల్చి దాన్నే చూస్తుంటే, నూనె చిటపట చెవిన పడి పక్కన వచ్చి కూర్చుంది. ఫోనులో ఒక ముసలామె. తెల్లని జుట్టు ముడి, లావుపాటి చేతులు, నడుముకు గుడ్డ. ఆమె మాట్లాడేది ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆమె చెయ్యి మాత్రం అర్థమైంది.

"చెయ్యి తిరిగిన మనిషే" అంది సరోజమ్మ. "చూడు, చూపు అంతా నూనె మీదనే ఉంది. మాటలు ఊరికే పైకి."

నూనె గోరువెచ్చగా ఉండగానే ముసలామె వెల్లుల్లి వేసింది. పొగ లేదు, తొందర లేదు. ముక్కలు లేతగా పసుపురంగు తిరిగేసరికి రొయ్యలు పరిచింది, ఒక్కసారి తిరగేసింది. ఇంకా నడిమి భాగం పచ్చిగా కనపడుతూనే ఉంది, అట్లాగే మట్టిగిన్నెను దించి బల్ల మీదికి పట్టుకెళ్లింది. గిన్నెలో నూనె కుతకుతలాడుతూనే ఉంది. ఆమె తీరిగ్గా రొట్టె తుంచుకునేసరికి రొయ్యలు పూర్తిగా రంగు తిరిగాయి.

సరోజమ్మ లేచి నిలబడింది. "ఏమయ్యో! ఈమె కట్టె లాగేసింది!"

"గ్యాసుపొయ్యికి కట్టె ఏందే?" అన్నాడు ఇస్సాకు బిత్తరపోయి.

"అన్నం మెత్తగా ఉడికినాక దించుతానా నేను? పలుకు ఉండంగనే కట్టె లాగేస్తా. తక్కింది డేగిసా వేడికే మగ్గుతాది. ఈమె చేసింది గూడ అదే. రొయ్యలు పొయ్యి మీద కాదయ్యా, బల్ల మీద ఉడికినాయి!"

తనకు తెలియని విద్య కాదు. వందల మంది అన్నాన్ని ఏ భయమూ లేకుండా పలుకు మీద దించిన మనిషి, అన్నం విషయంలో నమ్మిన వేడిని రొయ్యల విషయంలో నమ్మలేకపోయింది. భయం అట్లాంటిది, చేతికి వచ్చిన పనిని కూడా మరిపిస్తుంది.

శనివారం సంతకు పోయి చిన్న మట్టిమూకుడు కొనుక్కొచ్చింది. రాత్రంతా నీళ్లలో నానబెట్టమని కుమ్మరి చెప్పాడు గానీ అంత ఓపిక ఎవరికుంది, సాయంత్రం దాకా నానబెట్టి సరిపెట్టింది. సుప్రియకు కబురు పంపింది.

ఈసారి పిడికెడు రొయ్యలే తీసుకుంది. వీపు మీది నల్లనరం తీసి, ఒక్క నీటితో కడిగి, గుడ్డతో తడి లేకుండా అద్దింది. కుడిచెయ్యి ఒడిలోనే ఉంది, పని ఎడమచేత్తోనే జరిగింది. మూకుడు మీద సన్నని మంట. నూనె పోసింది, వెంటనే వెల్లుల్లి ముక్కలు వేసింది. అవి ముందు ఏమీ అనలేదు, తరవాత చుట్టూ చిన్న బుడగలు లేచాయి, తరవాత ఇంట్లో కమ్మని వాసన మొదలైంది. మిరపకాయ తుంచి వేసింది. రొయ్యలు ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి, ఉప్పు చల్లి, అంచులు ఎర్రబడగానే తిరగేసింది. నడిమి భాగం పచ్చిగా కళ్లకు కనపడుతూనే ఉంది. 'ఇంకొంచెం ఉండనీ' అని లోపల ఎవరో పోరుతున్నారు.

"కట్టె లాగు!" అని అరిచింది.

సుప్రియ అదిరిపడి గ్యాసు కట్టేసింది. మూకుడు చిటపటలాడుతూనే ఉంది. నిమ్మకాయ పిండి, కొత్తిమీర చల్లి, జొన్నరొట్టె పక్కన పెట్టి, సరోజమ్మ చేతులు కట్టుకుని కూర్చుంది. ఇస్సాకు చిన్న ప్రార్థన చేసి, ఒక రొయ్య నోట్లో వేసుకున్నాడు. ఇంకోటి తిన్నాడు. రొట్టె తుంచి నూనెలో ముంచాడు. చూస్తుండగానే మూకుడు అడుగు కనపడింది.

"ఏందే ఇంత తక్కువ చేసినావు?" అన్నాడు చివరికి, కోపంగా.

సుప్రియ పొట్ట పట్టుకుని నవ్వింది. సరోజమ్మకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. ఆ ఒక్క మాట కోసం పెళ్లయినప్పటి నుంచి కాచుకుని ఉన్నట్లు, అంతా అయిపోయాక మూకుడు కడగనివ్వకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఆదివారం ఆరాధన అయ్యాక భోజనం చేసి గిద్దలూరు పోయారు. వెస్లీ దుకాణానికి రంగుకాగితాలు కట్టాడు. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేసి, టీ తాగి వెళ్లారు. సాయంత్రమైంది. దారిన పోయేవాళ్లు ఆగి బోర్డు చదివి పోతున్నారే గానీ లోపలికి రావడం లేదు. సరోజమ్మ వెల్లుల్లి కోసింది, కోసిందే సర్దింది, కొంగు బిగించింది, వదులు చేసింది.

చీకటి పడుతుండగా ఒక లారీ ఆగింది. డ్రైవరు ముఖం కడుక్కుని వచ్చి కూర్చుని, కొత్తది ఏముందని అడిగాడు. సుప్రియ రొయ్యల సంగతి చెప్పింది. "చూద్దాం, ఒకటి తెప్పియ్యి" అన్నాడు, పెద్ద ఆశ ఏమీ లేకుండా.

సరోజమ్మ చేసింది. సన్నని మంట, లేత పసుపురంగు, ఒక్కసారి తిరగేయడం. ఈసారి కేక వేయకుండా తనే గ్యాసు కట్టింది. సుప్రియ మూకుడు తీసుకెళ్లి బల్ల మీద పెట్టింది.

విందుల్లో వంటవాళ్లు ఉండేది పందిరి వెనక. వండి పంపడమే గానీ తినేవాడి ముఖం ఆమె ఎన్నడూ చూడలేదు. ఇక్కడ బల్ల నాలుగడుగుల దూరంలో ఉంది. చూడకుండా ఉండలేకపోయింది, చూసే ధైర్యమూ లేదు. గుమ్మం చాటున సగం ముఖం పెట్టి నిలబడింది. ఆ మనిషి ఒక రొయ్య తీసుకున్నాడు, ఊదుకున్నాడు, నమిలాడు. నమలడం ఆపాడు. మూకుట్లోకి ఒకసారి చూశాడు. అయిపోయింది, 'ఉడకలేదు' అంటాడు అనుకుంది సరోజమ్మ, ఈ వయసులో, ఈ దుకాణం మొదటి రోజున.

అతను మళ్లీ తిన్నాడు. తల ఎత్తకుండా తిన్నాడు. రొట్టెతో మూకుడు చుట్టూ తుడిచి, ఆ ముక్క నోట్లో పెట్టుకుని, అప్పుడు లోపలికి చూసి కేక వేశాడు.

"అమ్మా!"

"ఏం నాయనా?" సరోజమ్మ గుమ్మం దాటి బయటికి వచ్చింది.

"ఇంగోటి ఎయ్యి."

"ఎంతమందికి?" ముప్పై ఏళ్ల అలవాటు, నోరు జారి వచ్చేసింది.

డ్రైవరు ఖాళీ కుర్చీల వైపు చూసి, ఆమె వైపు చూశాడు. "నా ఒక్కడికేనమ్మా."

సరోజమ్మకు నవ్వొచ్చింది, నవ్వుతోనే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంతమందికి వండింది గానీ, ఒక మనిషి కూర్చుని తన కోసమని అడిగి వండించుకోవడం ఇదే మొదలు. "కూర్చో నాయనా, వేడివేడిగా తెస్తా" అని చెప్పి, పిడికెడు రొయ్యలు తీసుకుని పొయ్యి వెలిగించింది.